వచ్చేవాళ్ల కోసం నిలిపిన దేహం

ఊళ్లో పెద్దాయన పోయారు. కొడుకు డాలస్‌లో ఉన్నాడు. టికెట్ దొరకాలి, రెండు విమానాలు మారాలి, శంషాబాదులో దిగి కారెక్కి ఇల్లు చేరాలి. ఎంత తొందరపడినా రెండు రోజులు. "పిల్లాడు వచ్చేదాకా ఉంచుదాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. గంట తిరక్కుండా ట్రాలీ ఆటోలో ఫ్రీజర్ పెట్టె దిగుతుంది. వరండాలో ప్లగ్గు వెతుకుతారు. కరెంటు పోతే ఎలాగని జనరేటరు ఉన్నవాళ్లకి ఫోను చేస్తారు. పెట్టె మూతకున్న అద్దం చెమ్మతో మాటిమాటికీ మసకబారుతుంది. చూడ్డానికి వచ్చిన మనిషల్లా తువ్వాలు అంచుతో దాన్ని తుడిచి, ఆ తుడిచిన మేర ముఖం చూసి, పక్కకి జరుగుతారు.

ఈ పెట్టె తెలుగు ఊళ్లలోకి వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. దాని వెనకున్న అవసరం మాత్రం చాలా పాతది. దశరథుడు పోయిన రాత్రి అయోధ్యలో కొడుకు ఒక్కడూ లేడు. రామలక్ష్మణులు అడవిలో, భరత శత్రుఘ్నులు కేకయలో. కొడుకు లేకుండా సంస్కారం జరగదు గనక మంత్రులు రాజు దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె నింపిన తొట్టెలో ఉంచి, దూతల్ని పంపారు. కబురందుకున్న భరతుడు దారిలో ఏడు రాత్రులు గడిపి వచ్చాడు. నూనెలోంచి పైకి తీసినప్పుడు రాజు నిద్రపోతున్నట్టే ఉన్నాడనీ, ముఖం మాత్రం పసుపు రంగు తిరిగిందనీ వాల్మీకి చెప్పాడు. ఆ పసుపు రంగు మాట దగ్గర ఏ అనాటమీ అధ్యాపకుడైనా ఆగిపోతాడు. నూనె గాలిని ఆపుతుంది, ఈగను ఆపుతుంది. లోపల మొదలైన మార్పును ఆపలేదు. కవి ఆ తేడాను గమనించి మరీ రాశాడు.

శవాల మధ్య నిలబడి, బతికున్నవాళ్ల శరీరం గురించి పాఠం చెప్పిన ఒక అధ్యాపకుడి జ్ఞాపకార్థం ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ఇంతకన్నా తగిన విషయం లేదు. మనిషి పోయాక దేహాన్ని నిలపడానికి ఏమేం వాడారు, ఎవరి కోసం నిలిపారు, నిలిపే ముందు ఎవరినైనా అడిగారా? మూడో ప్రశ్నను రసాయన శాస్త్రం పుస్తకాలు పట్టించుకోవు. అసలు ప్రశ్న అదే.

ముందు రసాయనం సంగతి.

గుండె ఆగిన వెంటనే కణాల్లోని ఎంజైములు ఆ కణాల్నే తినడం మొదలుపెడతాయి. పేగుల్లో బతికున్నన్నాళ్లూ అదుపులో ఉన్న సూక్ష్మజీవులకు అడ్డూ అదుపూ పోతుంది. పొట్టకు కుడివైపు కింది భాగంలో, పెద్దపేగు మొదలయ్యేచోట, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. మన వేసవిలో ఇంకా ముందే. ఫ్రీజర్ పెట్టె చేసేదల్లా ఈ పనిని నెమ్మదింపచేయడం. ప్లగ్గు తీసేస్తే ఆగిన పని ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఎంబామింగ్ దారి వేరు. అది మాంసాన్నే మార్చేస్తుంది, సూక్ష్మజీవి తినలేని పదార్థంగా.

ఆ సంగతి తెలిసింది ఒక డాక్టరు వేలికొసల మీద. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును 1859లో రష్యా రసాయన శాస్త్రవేత్త బుట్లెరోవ్ మొదట తయారుచేశాడు. తర్వాత కొన్నేళ్లకు హాఫ్‌మన్ అనే మరో రసాయన శాస్త్రవేత్త అదేమిటో తేల్చి చెప్పాడు. ముప్పై ఏళ్లకు పైగా దానితో శవానికి సంబంధం లేదు. 1893లో ఫ్రాంక్‌ఫర్టులో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే డాక్టరు దాన్ని క్రిమిసంహారిణిగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తున్నాడు. ఆ నీళ్లలో చేతులు పెట్టి పనిచేస్తుంటే వేళ్ల చర్మం గట్టిపడింది, ఆల్కహాలులో ఊరిన అవయవం బిగుసుకున్నట్టు. సూక్ష్మజీవుల్ని చంపేది కణజాలాన్ని కూడా బిగిస్తోందన్నమాట. ఆ ఏడే ఆ విషయం ప్రచురించాడు. నేటికీ ఆసుపత్రిలో గడ్డ నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపితే, అది వెళ్లేది బ్లూమ్ కనిపెట్టిన ఆ నీళ్ల సీసాలోనే.

అది ఎలా పనిచేస్తుందో తెలుగువాళ్లకు చెప్పడానికి తంగేడు చాలు. తంగేడు చెక్క ఊరిన నీళ్లలో పచ్చితోలు నాన్చితే రెండు రోజుల్లో కుళ్లాల్సిన తోలు, ఏళ్ల తరబడి కాలికి చెప్పుగా, బావికి బొక్కెనగా పనిచేసేది. చెక్కలోని వగరు తోలులోని ప్రోటీను పోగుల్ని ఒకదానికొకటి బిగించేస్తుంది. ఫార్మాల్డిహైడ్‌ది అదే కోవ, పదును వేరు. దాని అణువు చాలా చిన్నది, ఎక్కడికైనా దూరుతుంది, ఒక ప్రోటీనును పక్క ప్రోటీనుతో ముడివేస్తుంది. ముడిపడిన ఎంజైము పని చేయలేదు. ముడిపడిన మాంసం సూక్ష్మజీవికి ఆహారం కాదు. బజారులో దొరికే ఫార్మలిన్ అంటే ఈ వాయువును నీటిలో నూటికి 37 నుంచి 40 పాళ్లు కరిగించి, గడ్డకట్టకుండా కాస్త మిథనాల్ కలిపిన ద్రవం.

మెడికల్ కాలేజీలో పని జరిగే తీరు ఇది. దేహాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. గజ్జకు కాస్త దిగువన, తొడ లోపలివైపు చిన్న కోత. అక్కడ నరం, ధమని, సిర పక్కపక్కనే ఉంటాయి. వాటిలోంచి ధమనిని వేరుచేసి, చిన్న గాటు పెట్టి, గొట్టం దూర్చి, జారిపోకుండా దారంతో కడతారు. ద్రవం ఉన్న డబ్బాను మనిషెత్తు పైన వేలాడదీస్తారు. పంపు ఉంటే పంపు, లేకపోతే ఎత్తే బలం. ఫార్మలిన్, గ్లిజరిన్, కార్బాలిక్ యాసిడ్, స్పిరిట్, ఉప్పు, వాసన విరగడానికి లవంగ నూనె లాంటిది, రంగు కోసం కాస్త ఇయోసిన్. దాదాపు పది లీటర్లు. గొట్టం పక్కన నిలబడ్డ అటెండరు డబ్బా వైపు చూడడు, చేతివేళ్ల వైపు చూస్తాడు. గోళ్ల కింద గులాబి రంగు వస్తే ద్రవం అక్కడిదాకా వెళ్లినట్టు. పెదవులు, చెవితమ్మెలు కూడా చూస్తాడు. ఒక కాలు పాలిపోయి ఉండిపోతే ఎక్కడో గడ్డ అడ్డుపడిందని తెలుసుకుని, ఆ కాలికి వేరేచోట మళ్లీ కోత పెడతాడు. అటెండర్లు ఈ విద్య పుస్తకంలో నేర్చుకోలేదు. పాత అటెండరు పక్కన నిలబడి నేర్చుకున్నారు. డాక్టర్ల పట్టాల మీద వాళ్ల పేరు ఉండదు. ఎన్ని బ్యాచుల డాక్టర్లు వాళ్ల చేతిపని మీద శరీరం చదువుకున్నారో లెక్కపెట్టినవాళ్లు కూడా లేరు.

పోస్టుమార్టం అయిన దేహాన్ని అనాటమీ విభాగాలు తీసుకోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రక్తనాళాలు తెగితే ఎక్కించిన ద్రవం వేలికొస దాకా వెళ్లదు, మధ్యలోనే కారిపోతుంది.

ఫార్మలిన్ లేని కాలంలో ఈజిప్టువాళ్లు చేసింది ముడివేయడం కాదు, ఆరబెట్టడం. వాడీ నాట్రున్ లోయలో ఎండిన చెరువుల అడుగున దొరికే నాట్రన్ అనే ఉప్పు వాళ్ల ముఖ్య సరుకు. అది సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్, మామూలు ఉప్పు కలిసిన తెల్లటి పొడి. మన పొలాల్లో తెల్లగా పొంగే, ఒకప్పుడు చాకలివాళ్లు బట్టలుతకడానికి ఏరుకొచ్చిన చవుడుకు దగ్గర చుట్టం. సోడియానికి శాస్త్రవేత్తలు రాసే 'ఎన్ఏ' గుర్తు ఈ నాట్రన్ పేరులోంచి వచ్చిందే. పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం తీసేసి, గుండెను మాత్రం ఉంచి, దేహాన్ని ఈ పొడిలో కప్పి పెట్టేవారు. నీరంతా లాగేశాక నూనెలు, జిగుర్లు పట్టించి నారబట్టతో చుట్టేవారు. ఆ పొడిలో ఉంచడమే 70 రోజులని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

ఆ జిగుర్ల గురించి 2023లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన మనవాళ్లు తప్పక చదవాలి. ఈజిప్టులోని సక్కారాలో దొరికిన రెండున్నర వేల ఏళ్లనాటి ఎంబామింగ్ కార్ఖానాలో కుండలు బయటపడ్డాయి. ఏది తలకు పట్టించాలో, ఏది వాసన బాగుండడానికో వాటి మీదే రాసి ఉంది. కుండల అడుగున అంటుకున్న మడ్డిని విశ్లేషిస్తే దేవదారు నూనె, జంతువుల కొవ్వు, తేనెమైనంతో పాటు డామర్ జిగురు కూడా కనిపించింది. డామర్ ఆగ్నేయాసియా వానల అడవుల్లోని చెట్లది. ఆ చెట్లు మన గుగ్గిలం చెట్టు కుటుంబానివే. ఇంట్లో ధూపం వేసే గుగ్గిలానికి దగ్గర బంధువు సముద్రాలు దాటి వెళ్లి ఈజిప్టు శవాల మీద పూత అయింది.

ఆ కాలపు మనిషి ఒకరు హైదరాబాదులోనే ఉన్నారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్న మమ్మీని నైషు అనే యువరాణిదని చెబుతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడో నిజాంకు కానుక ఇచ్చాడనీ, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చారనీ మ్యూజియం చెప్పే చరిత్ర. దక్షిణ భారతంలో ఇదొక్కటే మమ్మీ. స్కూలు పిల్లలు వరసలో వచ్చి అద్దానికి ముక్కులు ఆనించి చూసే గది అది. ఎడారి గాలిలో రెండువేల ఏళ్లు నిలిచిన దేహానికి హైదరాబాదు వానాకాలం పడలేదు. కట్లు, పైపూత దెబ్బతినడంతో 2016లో మరమ్మతు చేసి, సీటీ స్కాన్ తీసి, ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో పెట్టారు. చవుడు, గుగ్గిలం చేసిన పనిని ఇప్పుడు ఒక వాయువు కొనసాగిస్తోంది.

ఈజిప్టులో దేహం వేచి ఉన్నది పరలోకం కోసం. ఆధునిక ఎంబామింగ్ పుట్టింది మాత్రం దశరథుడి ఇంటి కారణంతోనే. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది కుర్రాళ్లు దక్షిణాదిలో చనిపోతున్నారు, తల్లిదండ్రులు వందల మైళ్ల అవతల ఉన్నారు, రైళ్లలో శవం అన్నాళ్లు నిలవదు. థామస్ హోమ్స్ అనే వైద్యుడు ధమనిలోకి ద్రవం ఎక్కించే పద్ధతిని అక్కడ వ్యాపారంగా నిలబెట్టాడు. ఆ యుద్ధంలో ముందుగా పోయిన అధికారి ఎల్స్‌వర్త్‌ది అతను ఎంబామ్ చేసిన తొలి పేరున్న దేహం. 1865లో లింకన్ హత్య తర్వాత ఆయన దేహాన్ని వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా రెండు వారాలు రైల్లో ఊరూరా చూపించారు. దానితో ఈ పద్ధతి సంగతి అమెరికా అంతటా తెలిసింది. అప్పుడు వాడిన ద్రవాల్లో ఆర్సెనిక్ ఉండేది. పాషాణం. అది శవంతో పాటు మట్టిలోకి దిగింది. పాత శ్మశానాల చుట్టూ భూగర్భజలంలో దాన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆర్సెనిక్‌ను మాన్పించినప్పుడు దాని స్థానంలోకి వచ్చిందే ఫార్మాల్డిహైడ్.

ఆనాటి అమెరికా తల్లిదండ్రుల నిరీక్షణను ఈనాడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలు అనుభవిస్తున్నాయి. గల్ఫ్‌లో కూలికి వెళ్లినవాడు పోతే ఇంట్లో మొదటి మాట "బాడీ ఎప్పుడొస్తుంది?" డెత్ సర్టిఫికెట్, పోలీసుల ఎన్ఓసీ, కాన్సులేట్ అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, వీటన్నిటితో పాటు ఎంబామింగ్ సర్టిఫికెట్. ఆ కాగితం లేనిదే పెట్టె విమానం ఎక్కదు. ఎంబామింగ్ అంటే ఏమిటో పట్నాల్లో చదువుకున్నవాళ్లకు కూడా తెలియని రోజుల్లో ఆ మాటను ఉచ్చరించడం నేర్చుకున్నది ఈ పల్లెల ఆడవాళ్లు. కాగితాలు ఒక్కొక్కటే కుదిరేసరికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయిలో చనిపోయినప్పుడు మొత్తం దేశం మూడు రోజులు ఈ సర్టిఫికెట్ కోసం ఎదురుచూసింది. ముహైస్నాలోని ఎంబామింగ్ కేంద్రం పేరు టీవీల్లో మోగింది. ఆ కేంద్రం ముందు కూలీల బంధువులు అంతకుముందూ నిలబడ్డారు, ఆ తర్వాతా నిలబడుతున్నారు. వాళ్ల తరఫున కాగితాలు పట్టుకుని తిరిగి వేలమందిని ఇళ్లకు పంపిన కేరళ మనిషి అష్రఫ్ తామరశ్శేరి దగ్గరే శ్రీదేవి దేహాన్నీ అప్పగించారు.

పెట్టెను తూకం వేసి, కిలోల లెక్కన కిరాయి కట్టించుకునే పద్ధతి కూడా చాలాకాలం ఉంది. పస్తులుండి డబ్బు పంపిన మనిషిని చివరికి కాటాకెక్కించడం ఆ కుటుంబాల మనసుకు తగిలిన దెబ్బ. గల్ఫ్ నుంచి వచ్చే మృతదేహాలకు బరువుతో పని లేకుండా ఒకే రేటు ఎయిర్ ఇండియా 2019 జనవరిలో పెట్టింది. ఇంత చిన్న మర్యాదకు అన్నేళ్లు పట్టింది.

ఈ ద్రవానికి కట్టాల్సిన వెల ఇంకొకటి ఉంది. అది దాన్ని వాడే చేతులు కడుతున్నాయి. మొదటి ఏడాది మెడికల్ విద్యార్థి డిసెక్షన్ హాలులో అడుగు పెట్టగానే కళ్లు మండి నీళ్లు కారతాయి. అది భయం వల్లో దుఃఖం వల్లో కాదు. హాలు గాలిలో ఉన్న ఫార్మాల్డిహైడ్ కంటిపొరలోని ప్రోటీనుల్ని కూడా ముడివేయబోతుంది గనక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2009లో ఎంబామింగ్ వృత్తిలో ఉన్నవాళ్లను పరిశీలించి, ఎంత ఎక్కువ కాలం ఆ పని చేస్తే ఒక రకం రక్త క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతోందని చూపారు. విద్యార్థి ఒక ఏడాది ఆ గాలి పీల్చి బయటపడతాడు. అటెండరు ఉద్యోగమంతా పీలుస్తాడు. ఈ ఒక్క వాక్యం ప్రతి అనాటమీ విభాగం గోడ మీద రాసిపెట్టాలి. గాలిని బయటికి లాగే ఫ్యాన్లు, సరైన మాస్కులు, ద్రవం లోపలికి దిగని చేతితొడుగులు కొనడం బడ్జెట్ మిగిలితే చేసే పని కాకూడదు.

ఇదే ఫార్మలిన్ చేపల పెట్టెల్లో కనబడిందని 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల దిగుమతిని పది రోజులు ఆపినప్పుడు మన ఆక్వా రైతులు గగ్గోలు పెట్టారు. శవానికి వాడే మందు కంచంలోకి రావడమన్న మాటకే జనం హడలిపోయారు. అదే మందును రోజూ ఉత్త చేతులతో ముట్టుకునేవాళ్ల గురించి ఆ వారం కూడా చర్చ జరగలేదు.

దారులు లేకపోలేదు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో వాల్టర్ థీల్ ఎన్నో ఏళ్లు కష్టపడి 1992లో ప్రచురించిన పద్ధతిలో లవణాలు, గ్లైకాల్ ఎక్కువ, ఫార్మలిన్ చాలా తక్కువ. దేహం బిగుసుకుపోదు, కీళ్లు వంగుతాయి, సర్జన్లు కీహోల్ ఆపరేషన్లు సాధన చేయొచ్చు. ఖర్చు ఎక్కువ. 1977లో హైడెల్‌బర్గ్‌లో గుంథర్ వాన్ హేగన్స్ కనిపెట్టిన ప్లాస్టినేషన్‌లో నీటినీ కొవ్వునూ అసిటోన్‌తో లాగేసి ప్లాస్టిక్ నింపుతారు. వాసన ఉండదు, ముట్టుకోవచ్చు, దశాబ్దాలు నిలుస్తుంది. ఇలాంటి దేహాలతో ఊరూరా ప్రదర్శనలు పెట్టినప్పుడు కొన్ని చోట్ల ఒక ప్రశ్న లేచింది: ఈ మనుషులు ఒప్పుకున్నారా?

ఆ ప్రశ్నకు చాలా పెద్ద పేర్ల దగ్గర కూడా జవాబు 'లేదు' అనే వస్తుంది. లెనిన్ 1924 జనవరి 21న పోయాడు. మొదట అంత్యక్రియల దాకా నిలిపితే చాలనుకున్నారు. ఆ నెలాఖరులోనే ఆయన భార్య క్రుప్‌స్కయా ప్రావ్దా పత్రికలో, ఆయన పేర స్మారకాలు కట్టవద్దని రాసింది. వరబ్యోవ్, జ్బార్స్కీ అనే శాస్త్రవేత్తలు గ్లిజరిన్, పొటాషియం అసిటేట్ ద్రవంతో దేహాన్ని నిలబెట్టారు, ఆగస్టులో సమాధి మందిరం జనానికి తెరిచారు. వందేళ్లు దాటినా శాస్త్రవేత్తల బృందం దాన్ని కాపాడుతూనే ఉంది. హో చి మిన్ తనను దహనం చేయమని వీలునామాలో రాసుకున్నాడు. 1969లో ఆయన పోయాక దేహాన్ని ఎంబామ్ చేసి హనోయిలో ఉంచారు. ఆయన చివరి మాట నెగ్గలేదు. నైషునూ ఎవరూ అడగలేదు. ఆమె కోరింది ఈజిప్టు మట్టిలో చీకటి గది. దొరికింది నాంపల్లిలో దీపాల వెలుగు.

మన మెడికల్ కాలేజీల సంగతీ ఇంతే. చాలాకాలం డిసెక్షన్ బల్లల మీదికి వచ్చినవాళ్లు రైల్వే స్టేషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద, ఆసుపత్రి వార్డుల్లో దిక్కులేక పోయినవాళ్లు. గడువు లోపల ఎవరూ రాకపోతే కాలేజీకి ఇవ్వొచ్చని చట్టం. వాళ్లు ఎవరి కోసమో ఎదురుచూశారు, ఆ ఎవరూ రాలేదు. వచ్చింది విద్యార్థులు. తెలుగు నేలలో పెద్ద డాక్టర్లెందరికో మొదటి గురువు పేరు లేని ఒక పేదవాడు. అలాంటి దేహం దగ్గర మొదటి రోజు విద్యార్థుల చేత ప్రతిజ్ఞ చేయించే అలవాటు ఇప్పుడు చాలా కాలేజీల్లో వచ్చింది. మంచి అలవాటే. ఆ మనిషి ఎక్కడ దొరికాడో, ఎంత వయసో చెప్పి ప్రతిజ్ఞ చేయిస్తే ఇంకా మంచిది.

అడిగి, ఒప్పుకుని వచ్చే దేహాలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. 2024 సెప్టెంబరు 12న సీతారాం ఏచూరి పోయినప్పుడు దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. ఆయన హైదరాబాదులో చదువుకున్న తెలుగు మనిషి. నెల దాటేసరికి అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ సాయిబాబా దేహం హైదరాబాదు గాంధీ మెడికల్ కాలేజీకి చేరింది. పేరున్నవాళ్లవి పత్రికల్లో వస్తాయి. రిటైరైన టీచర్లు, గృహిణులు, చిన్న రైతులు కూడా కాగితం నింపి బీరువాలో పెట్టుకుంటున్నారు.

ఆ కాగితంతోనే పని కాదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు సరేనంటేనే దేహం కదులుతుంది. చాలాచోట్ల పని ఆగేది డాలస్ కొడుకు దగ్గరే. "నేను చూడకుండా ఎలా ఇస్తారు?" అంటాడు. న్యాయమైన మాట. అతని కోసం రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచితే ధమనుల్లో రక్తం గడ్డకట్టి ద్రవం సరిగా ఎక్కదు. ఆలస్యమైనకొద్దీ దేహం పాఠానికి పనికిరాకుండా పోతుంది. ఈ చిక్కుకు జవాబు ఫార్మలిన్‌లోనే ఉంది. ద్రవం ఎక్కించాక కొడుకు రెండో రోజు వచ్చినా పదో రోజు వచ్చినా ముఖం చూడొచ్చు, నుదుటి మీద చెయ్యి వెయ్యొచ్చు. తొడ దగ్గరి కుట్టు తెల్లబట్ట కింద ఉంటుంది. కాకపోతే ఆ సంగతి కాలేజీకి ఫోను చేసినప్పుడే చెప్పాలి: అబ్బాయి ఎల్లుండి దిగుతున్నాడు, అప్పటిదాకా నాన్నగారిని ఫార్మలిన్ ట్యాంకులోకి దించకండి.